ఇంట్లో బడి, బళ్ళో ఇల్లు

ఆనందాన్ని కొలవడానికి మా జిల్లాకి ఒక అధికారిని వేశారు. ఆయన పేరు మృత్యుంజయరావు. అంతకు ముందు ఆయన చాలాకాలం తూనికలు, కొలతల శాఖలో ఉన్నారు. కిరాణా కొట్లలో తూకపురాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిన మనిషి పిల్లల ఆనందం సరిగ్గా ఉందో లేదో చూడలేడా అని పైవాళ్ళు అనుకుని ఉంటారు. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. మన దగ్గర పశువుల డాక్టరు ఎన్నికలు నడిపిస్తాడు, లెక్కల మాస్టారు మరుగుదొడ్ల ఫోటోలు తీస్తాడు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ కూర్చుంటే దేశం ముందుకెలా వెళ్తుంది?

ఈ ఆనందం గొడవ ఎక్కడ మొదలైందంటే, రాజధానిలో ఏదో సదస్సులో ఒక పెద్దాయన లేచి, "ఇంటిదగ్గర చదువుకునే పిల్లలు ఎక్కువ ఆనందంగా ఉంటారా, సర్కారు బడిలో చదువుకునే పిల్లలా?" అని అడిగాడట. ఎవరికీ జవాబు తెలియలేదు. పోనీ పిల్లల్నే అడుగుదామని కూడా ఎవరికీ తోచలేదు. భోజనాలయ్యాక దాని మీద ఒక అధ్యయనం వేశారు. ఆ అధ్యయనం తిరిగి తిరిగి మా మండలం మీద పడింది. మండలంలో సర్కారు బళ్ళకి కొదవ లేదు గానీ, ఇంటిదగ్గర చదువుకునే పిల్ల మాత్రం ఒక్కతే దొరికింది. ఆ పిల్ల మా హిమజ.

నా పేరు గంగరాజు. కాలవ రోడ్డులో మోటార్ల వైండింగు షాపు నాది. కాలిపోయిన మోటారు తెస్తే పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాను. మా అమ్మాయిని మొదట్లో టౌన్లో పేరున్న ప్రైవేటు స్కూల్లో వేశాం. ఆ స్కూలు ఎంత గొప్పదంటే, ఏడాది తిరక్కుండానే మా పిల్ల మాట్లాడటం మానేసింది. అవునన్నా తలూపేది, కాదన్నా తలూపేది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. చివరికి డాక్టరు మందు చీటీ పక్కన పడేసి, "ముందు ఆ స్కూలు మాన్పించండి" అన్నాడు. మాన్పించేశాం.

మా ఆవిడ సువర్చల ఎమ్మెస్సీ చదివింది. ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టింది. దోసెలు పోస్తూ భిన్నాలు చెప్పింది. మధ్యాహ్నం పూట హిమజ నా షాపుకొచ్చి, నేను కాయిలు చుడుతుంటే పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. మెల్లగా నోరు విప్పింది. విప్పాక ఇక మూసింది లేదు. ఫ్యాను అటే ఎందుకు తిరగాలి? రాగి ఎర్రగా ఎందుకుంది? కాలవలో నీళ్ళకి దారి ఎవరు చెప్పారు? అన్నం తింటూ ప్రశ్నలే, నిద్రలోకి జారుకుంటూ ప్రశ్నలే. చెవులు చిల్లులు పడుతున్నా మొగుడూ పెళ్ళాం ఇద్దరం పండగ చేసుకున్నాం. ఆ వాగుడు మళ్ళీ పోకూడదు, అంతకు మించి మాకేమీ అక్కర్లేదు.

మృత్యుంజయరావు గారు వచ్చినప్పుడు హిమజ గచ్చు మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో గోదావరి గీస్తోంది. జాగా చాలక పాయలు గుమ్మం దాటి వసారాలోకి వచ్చేశాయి. ఆయన సరిగ్గా సముద్రంలో కాలేసి నిలబడ్డారు.

"మీరేనా గృహాధారిత విద్యా నిర్వాహకులు?" అన్నారు.

"కాదండి బాబూ, మోటార్ల వైండింగండి," అన్నాను.

"ఈ బాలిక ఆనందంగా ఉన్నదని మీ అభిప్రాయమా?"

"చూస్తున్నారు కదండీ."

"చూపు ప్రమాణం కాదండి. కొట్టువాడు కూడా చేత్తో ఎత్తి చూసి కిలో అనేస్తాడు. ఒప్పుకుంటామా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పోల్చడమంటే తూచడమే. తూచే ముందు ఏం చెయ్యాలి? ధడా కట్టాలి. ఖాళీ పళ్ళేలు రెండూ ఒక్క ఎత్తులో నిలబడకపోతే ఆ తూకం చెల్లదు. ఒక పళ్ళెం మీ ఇల్లు. రెండో పళ్ళెం కాలవ రోడ్డు బడి. ఈ రెండూ సమానం కానిదే ఆనందాన్ని పళ్ళెంలో వెయ్యడానికి వీల్లేదు."

"అంటే మమ్మల్నేం చెయ్యమంటారండి?" అంది సువర్చల.

"బడిలో ఉన్నవన్నీ మీ ఇంట్లో ఉండవలెను. మీ ఇంట్లో ఉన్నవన్నీ బడిలో ఉండవలెను. తదుపరి ఆనందం కొలవబడుతుంది."

"మాకు కొలతలొద్దండి. మా మానాన మమ్మల్ని వదిలెయ్యండి."

"నిరభ్యంతరంగా వదిలేస్తాం అమ్మా. అప్పుడు మీ బాలిక బడి బయటి బాలికగా పరిగణింపబడుతుంది. బడి బయటి బాలికలను హాస్టలు బడిలో చేర్పించవలసిన బాధ్యత మాపై కలదు. హాస్టలు ఏజెన్సీ అవతల ఉంది. గాలి బాగుంటుంది. వేసవి సెలవులకి పంపిస్తారు."

హిమజ సుద్దముక్క కింద పెట్టేసి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. మేం ఒప్పుకున్నాం.

మర్నాడే పని మొదలైంది. బడికి గంట ఉండాలి. కాలిపోయిన మోటారు పుల్లీ ఒకటి చూరుకి వేలాడదీశాను. బడికి ప్రధానోపాధ్యాయుడి గది ఉండాలి. వంటింటి పక్కన ఉల్లిపాయలు పోసే గదిని అలా మార్చి, అందులో నన్ను కూర్చోబెట్టారు. సువర్చలని ఉపాధ్యాయిని చేసి మెళ్ళో గుర్తింపు కార్డు వేశారు. బాలికలకు ప్రత్యేక మరుగుదొడ్డి ఉండాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కాబట్టి దాని మీద 'బాలికలు' అని రాయించారు. ఆ రోజు నుంచీ బడి వేళల్లో నాకు అవసరమైతే కాలవ గట్టుదాకా పరిగెత్తేవాణ్ణి.

పొద్దున్నే ప్రార్థన కూడా ఉండాలి కదా. పిల్లలు లైనులో నిలబడాలన్నారు.

"ఉన్నది ఒక్క పిల్లండి. లైను ఎలా వస్తుందండి?" అన్నాను.

"ముందు నిలబడినవారి వెనుక నిలబడాలి."

"ముందు ఎవరూ లేరండి."

"అయితే ఈ బాలికే లైను లీడరు," అన్నారు. హిమజ చెయ్యి ముందుకి చాపి, ఎవరూ లేని చోట దూరం సరిచూసుకుని నిలబడింది.

మధ్యాహ్న భోజనం బాలికకి మాత్రమే. సిబ్బంది తినకూడదు. అందుకని సువర్చల మా వంటింట్లోనే నాకు క్యారేజీ కట్టేది. నేను దాన్ని పట్టుకుని ఉల్లిపాయల గదికి వెళ్ళి తినేవాణ్ణి. పిల్ల నా షాపుకి రావడం క్షేత్ర పర్యటన కిందికి వస్తుందట. దానికి ముందస్తు అనుమతి, ప్రథమ చికిత్స పెట్టె, తోడుగా ఒక మహిళా ఉపాధ్యాయిని ఉండాలి. షాపు మా ఇంటి ముందు గదే. అనుమతి నెల తిరిగినా రాలేదు.

తల్లిదండ్రుల సమావేశం మాత్రం దివ్యంగా జరిగింది. ప్రధానోపాధ్యాయుడిగా నన్ను నేనే పిలుచుకున్నాను. పిలుపందుకుని సకాలంలో వచ్చాను. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసుకుని, ఒక దాంట్లో కూర్చుని పిల్ల చదువు గురించి అడిగి, లేచి రెండోదాంట్లో కూర్చుని జవాబు చెప్పాను. పరిశీలనకి వచ్చిన మృత్యుంజయరావు గారు సంతోషించారు గానీ, వెళ్తూ వెళ్తూ మొహం చిట్లించారు.

"తండ్రి హాజరయ్యాడు. తల్లి రాలేదే?"

"ఎదురుగా ఉందండి," అన్నాను సువర్చలని చూపించి.

"ఆవిడ ఉపాధ్యాయిని. విధి నిర్వహణలో ఉన్నవారికి బంధుత్వం వర్తించదు. బాలిక చదువుపై తల్లికి శ్రద్ధ లేనట్టు మా పరిశీలనలో తేలింది."

ఆయన వెళ్ళాక సువర్చల పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ఆ మాటతో పాటు ఇంకో ఆదేశం కూడా ఇచ్చి వెళ్ళారు. బడి వేళల్లో బాలిక ఉపాధ్యాయినిని అమ్మా అని పిలవకూడదు. పిలిస్తే ఉపాధ్యాయిని పలకకూడదు. సర్కారు బడిలో పిల్లలకి ఆ సౌకర్యం లేదు కాబట్టి మా పిల్లకి ఉంటే ధడా చెడిపోతుంది. ఎదురింటి అరుగు మీద పరిశీలకుణ్ణి కూర్చోబెట్టారు. అతను సోషల్ మాస్టారు. పాపం, అతనికీ ఇంకో పని ఉండి ఉంటుంది గానీ చెయ్యనివ్వలేదు.

ఇంతలో రెండో పళ్ళెం సంగతి. కాలవ రోడ్డు బడి హెడ్మాస్టరు అబ్బులు మాస్టారు ఒక రోజు నా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"నీ పుణ్యమాని మా బడిని ఇల్లు చేసేశారయ్యా గంగరాజూ! మంచాలేశారు, ఉయ్యాల కట్టారు, పడక్కుర్చీ తెచ్చారు, ఆవకాయ జాడీ పెట్టారు. ఆయ్, అంతవరకూ బాగానే ఉంది. పిల్లల్ని 'బంగారం, కన్నా' అనే పిలవాలంట. సర్వీసంతా 'ఒరేయ్ వెధవా' అన్న నోరు నాది. నిన్న నేను 'బంగారం, పలక తియ్యమ్మా' అన్నానో లేదో, ఏమైపోతుందో అని నలుగురు పిల్లలు బెంచీ కింద దూరేశారు."

"పోన్లెండి మాస్టారూ, అలవాటైపోతుంది."

"అసలు సంగతి వినవయ్యా. మీ ఇంట్లో ఏవున్నాయో, మా బళ్ళో ఏం తక్కువయ్యాయో ఆయనొచ్చి మళ్ళీ చూశాడు. అన్నీ సరిపోయాయి, ఒక్కటే తేడా వచ్చింది. మీ ఇంట్లో మామ్మ ఉంది. మా బళ్ళో లేదు."

మామ్మ అంటే మా అమ్మ, సూరమ్మ. మామ్మ అనేది ఆనందానికి మౌలిక సదుపాయమని, ఒక పళ్ళెంలో ఉండి రెండో పళ్ళెంలో లేకపోవడం తీవ్రమైన అసమానత అని మృత్యుంజయరావు గారు తేల్చారు. మామ్మని సగం చెయ్యడానికి వీల్లేదు కాబట్టి పూర్తిగా బడికి డిప్యుటేషను మీద పంపమన్నారు. అప్పుడు మా ఇంటికి మామ్మ ఉండదు కదా అంటే, మామూలు బళ్ళల్లో మామ్మలు ఉండరని, ఇప్పుడు మాది బడేనని, కాబట్టి సరిపోయిందని చెప్పారు.

"ఏంట్రా, కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో నాకు ట్రాన్స్‌ఫరా?" అంది మా అమ్మ. అయినా వక్కాకు పొట్లం కట్టుకుని బయల్దేరింది. వెళ్ళనంటే మనవరాలిని హాస్టలుకి పంపిస్తారని ఆవిడకీ తెలుసు.

నిజం చెప్పొద్దూ, బడి పిల్లలకి మాత్రం మా అమ్మ దొరికింది. ఒక్కొక్కడూ వెళ్ళి తలలో పేలు చూపించుకుని, పేచీలు తీర్పు చెప్పించుకుని, ఆవిడ పక్కలో దూరి పడుకుని వచ్చేవాడట. మా హిమజకి మాత్రం మామ్మ లేదు.

హిమజ ఎప్పుడు మాటలు తగ్గించిందో మేం గమనించలేదు. మాక్కూడా గంటలు కొట్టడం, హాజరు పంపడం, గోడల మీద ఆనందం గురించిన బొమ్మలు అంటించడం సరిపోయింది. పిల్ల ప్రశ్నలడగడం మానేసిందన్న సంగతి ఒక ఆదివారం తెలిసింది. ఆదివారం బడి లేదు. ముగ్గురం కింద కూర్చుని అన్నం తింటున్నాం. హిమజ కంచంలో పెరుగన్నం ముందు చెయ్యి పైకెత్తి అలాగే ఉంది.

"ఏంటమ్మా?" అన్నాను.

చెయ్యి దించకుండా, "ఆవకాయ కావాలండి," అంది.

సొంత తండ్రి పక్కన కూర్చుని, సొంత ఇంట్లో ఆవకాయ బద్దకి చెయ్యెత్తింది నా కూతురు. సువర్చల నా మొహం చూడకుండా లేచి జాడీ మొత్తం తెచ్చి పిల్ల పక్కన పెట్టింది. హిమజ ఒక్క బద్ద తీసుకుని, "థ్యాంక్యూ టీచర్," అంది. ఆ రోజు సెలవన్న సంగతి దానికి మేం మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

మానేద్దామంది సువర్చల. మానేస్తే హాస్టలు. అక్కడ ఆదివారం కూడా మేం ఉండం. తుది కొలత అయిపోతే ఈ బోర్డులూ గంటలూ పీకేసుకోవచ్చు కదా అని నేనే సర్దిచెప్పాను.

తుది కొలతకి మృత్యుంజయరావు గారు కారులో వచ్చారు. పొద్దున్నే కాలవ రోడ్డు బడిలో పిల్లలందర్నీ మంచాల మీద కూర్చోబెట్టి, "మీకు ఆనందంగా ఉన్నదా?" అని అడిగారట. పిల్లలందరూ ఒక్క గొంతుతో, "ఉందండి సార్," అన్నారట. అబ్బులు మాస్టారు వారం రోజులుగా అదే చెప్పించారు. మధ్యాహ్నం మృత్యుంజయరావు గారు మా ఇంటికి వచ్చారు. సువర్చల నల్లబల్ల ముందు నిలబడింది. హిమజ ఇస్త్రీ యూనిఫాంలో బెంచీ మీద కూర్చుంది.

"బాలికా! నీకు ఆనందంగా ఉన్నదా?"

హిమజ లేచి, చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ, "ఉందండి సార్," అంది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచాక తడిగా ఉన్నాయి. "అక్కడ 'ఉందండి సార్'. ఇక్కడ 'ఉందండి సార్'. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు. ముల్లు కదల్లేదండీ! నా సర్వీసులో ఇంత నిఖార్సయిన తూకం చూడలేదు. గృహ విద్యయందు, పాఠశాల విద్యయందు ఆనందం సర్వసమానమని రుజువైంది."

"సంతోషమండి. ఇక ఆ బోర్డులు తీసేయొచ్చాండి?" అన్నాను.

"తీసేస్తారా?" ఆయన ఉలిక్కిపడ్డారు. "ఫలితం వచ్చాక పళ్ళెం పారేస్తామా? మీది ఆదర్శ గృహ పాఠశాలగా గుర్తింపు పొందింది. ఇతర జిల్లాల వారు చూడటానికి వస్తారు. ఇక యథాతథ స్థితి కొనసాగించవలెను."

అంతలో వేళయింది. నేను అలవాటు కొద్దీ వెళ్ళి చివరి గంట కొట్టాను. హిమజ పుస్తకాలు సర్దుకుని సంచీ తగిలించుకుంది. ఎప్పటిలాగే మేం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండటం చూసి మృత్యుంజయరావు గారు చుట్టూ కలయచూశారు.

"అదేమిటి, ఇంకా ఇక్కడే ఉన్నారు? బడి వదిలారు కదా?"

"మా ఇల్లండి ఇది," అంది సువర్చల.

"గుర్తింపు పొందిన పాఠశాల ఆవరణలో బడి వేళల అనంతరం నివాసం నిషిద్ధం అమ్మా! ఇన్నాళ్ళూ ఇక్కడే పడుకుంటున్నారా? ఈ మాట పైవారి చెవిన పడితే మీ గుర్తింపు పోతుంది. తాళం ఎక్కడ?"

అప్పుడు హిమజ చెయ్యెత్తింది.

"అడుగు బాలికా."

"బడి వదిలేశారు కదండీ. నేను ఇంటికెళ్ళాలండి. మా ఇల్లెక్కడండి?"

చూరుకి వేలాడుతున్న పుల్లీ తీసి ఆ మనిషి నెత్తిన వెయ్యాలనిపించింది నాకు. అంత పనీ చేసేవాణ్ణేమో గానీ ఆయన మొహం వెలిగిపోతోంది.

"మంచి ప్రశ్న! ఎంత హేతుబద్ధమైన ప్రశ్న! ఇందుకే ధడా కట్టాలన్నది. మీ ఇల్లు బడి అయింది కాబట్టి, ఆ బడి మీ ఇల్లయింది. అక్కడ మంచాలున్నాయి. మామ్మ ఉంది. వెళ్ళు తల్లీ, నీ ఇంటికి వెళ్ళు," అన్నారు. మమ్మల్ని బయటికి పంపి మా ఇంటికి తాళం వేయించి, తాళంచెవి సోషల్ మాస్టారి చేతికిచ్చి కారెక్కారు.

ముగ్గురం కాలవ గట్టు వెంట నడిచాం. అబ్బులు మాస్టారు బడి గుమ్మంలో చేతిసంచీతో ఎదురొచ్చారు. సంగతి ఆయనకి ముందే తెలిసినట్టుంది. "పక్కలేసి ఉన్నాయయ్యా. దోమలున్నాయి, తెర దింపుకోండి. నేను మా ఇంటికెళ్ళొస్తా. మా ఇల్లు ఇంకా ఇల్లుగానే ఉందో లేదో ముందు చూసుకోవాలి," అని సైకిలెక్కారు.

మా అమ్మ ఐదో తరగతి గదిలో పడక్కుర్చీలో కునుకు తీస్తోంది. నేను వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. సువర్చల మెళ్ళో కార్డు తీసి కిటికీ ఊచకి తగిలించి, గచ్చు మీద గోడకి చేరబడింది. హిమజ కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు చూసింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. సంచీ కింద పడేసి, చెప్పులు చెరో మూలకీ విసిరేసి, పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.

"అమ్మా," అంది. పొద్దు ఉండగా ఆ పిలుపు విని చాలా రోజులైంది. "మా టీచరు లేదూ, చాలా చెడ్డదే. పొద్దున్న దాహమేస్తోందంటే గంట కొట్టేదాకా ఆగమంది. ఫ్యాను గురించి అడిగితే అది ఇవాళ్టి పాఠంలో లేదంది. లెక్క రాక ఏడుపొచ్చి 'అమ్మా' అన్నానా, విని కూడా పలకలేదే. అటు తిరిగి బోర్డు తుడుచుకుంటూ ఉండిపోయింది."

ఇన్ని మాటలు ఒక్కసారిగా దాని నోట్లోంచి వస్తుంటే నాకు ఆనందమో ఏడుపో తెలియలేదు. సువర్చల దాని తల నిమురుతూనే ఉంది.

"అలాగా తల్లీ. రేపు నేనొచ్చి మీ టీచర్ని గట్టిగా అడుగుతాను."

హిమజ గబుక్కున లేచి వాళ్ళమ్మ మెడ చుట్టూ చేతులు వేసేసింది.

"వద్దమ్మా, వద్దు! నీకు చెప్పానని తెలిస్తే రేపు నన్ను ఇంకా తిడుతుంది."